సీమట్ చేద్దామా, పీమట్ చేద్దామా, పాత పీజెడ్‌టీతోనే సరిపెడదామా: అల్ట్రాసౌండ్ ప్రోబ్ మొదలుపెట్టే ముందు

అల్ట్రాసౌండ్ ప్రోబ్ తయారు చేద్దామనుకునే ఇంజినీర్లు, పరిశోధక విద్యార్థులు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "సీమట్ మంచిదా, పీమట్ మంచిదా?" రెండూ సిలికాన్ మీద చిప్‌లా చెక్కే కొత్త తరం ట్రాన్స్‌డ్యూసర్లు, అంటే విద్యుత్తును శబ్దంగా, శబ్దాన్ని విద్యుత్తుగా మార్చే భాగాలు. నేను తిరిగి ఇంకోటి అడుగుతాను: "మొదటి యాంప్లిఫయర్ ఎక్కడ పెడుతున్నారు? ప్రోబ్ తలలోనా, రెండు మీటర్ల కేబుల్ దాటాక యంత్రంలోనా?" చాలామంది దగ్గర అప్పటికి జవాబు ఉండదు. అది తేలితే ఎంపిక సగం తేలిపోయినట్టే. సిలికాన్ పొర ఎంత బాగా చెక్కినా, అది పట్టుకున్న సన్నటి సిగ్నల్ కేబుల్‌లోనే కరిగిపోతే ఫలితం ఉండదు.

ముందు పాతదాని సంగతి చూద్దాం. ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే ప్రోబ్‌లలో చాలావాటి లోపల ఉండేది పీజెడ్‌టీ, అంటే లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అనే సిరామిక్. దాన్ని పల్చటి పలకగా అరగదీసి, డైసింగ్ రంపంతో సన్నటి గళ్ళుగా కోసి, ముందు మ్యాచింగ్ పొరలు, వెనక కంపనాన్ని అణిచే బ్యాకింగ్ అతికిస్తారు. పలక మందం ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 5 మెగాహెర్ట్జ్‌కి సుమారు 0.4 మి.మీ., 40 మెగాహెర్ట్జ్‌కి 0.05 మి.మీ. మాత్రమే. మ్యాచింగ్ పొరలు ఎందుకంటే, పీజెడ్‌టీ అకౌస్టిక్ ఇంపెడెన్స్ (శబ్దం సాగడానికి పదార్థం ఇచ్చే ప్రతిఘటన) 33 మెగారేల్ దాకా ఉంటే శరీర కణజాలానిది 1.5. ఆ రెండిటినీ నేరుగా ఆనిస్తే శక్తిలో 80 శాతానికి పైగా వెనక్కే తిరిగొస్తుంది. ఈ అతికింపులన్నీ చెయ్యి తిరిగిన పనివాళ్ళు మైక్రాన్ల లెక్కలో చేస్తారు. ప్రోబ్ ఖరీదులో పెద్ద భాగం అక్కడే పోతుంది.

అయినా కేబుల్‌తో నడిచే మామూలు లీనియర్ లేదా కర్వ్డ్ ప్రోబ్, 2 నుంచి 12 మెగాహెర్ట్జ్ లోపు, ఏడాదికి కొన్ని వందలు మాత్రమే అమ్మాలన్నది మీ లక్ష్యమైతే పీజెడ్‌టీ దగ్గరే ఆగండి. ఈ మాట సంకోచం లేకుండా చెబుతున్నాను. కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే పీఎమ్‌ఎన్-పీటీ సింగిల్ క్రిస్టల్ తీసుకోండి. విద్యుత్తును కంపనంగా మార్చే కప్లింగ్ పీజెడ్‌టీలో 0.7 దగ్గరుంటే దీనిలో 0.9 దాకా వస్తుంది. బ్యాండ్‌విడ్త్ (ప్రోబ్ పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు), సున్నితత్వం రెండూ పెరుగుతాయి. కొత్త టెక్నాలజీ అన్న ఒక్క కారణంతో సిలికాన్ వైపు వెళ్ళి, రెండేళ్ళు ఫ్యాబ్ (చిప్‌లు తయారు చేసే చోటు) చుట్టూ తిరిగి, చివరికి పాత ప్రోబ్ కన్నా మసక బొమ్మ చూసుకున్న బృందాలు నాకు తెలుసు. ఆ కష్టం చూడటం బాధగా ఉంటుంది.

సిలికాన్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి. 20 మెగాహెర్ట్జ్ దాటితే గళ్ళు పదుల మైక్రాన్లలోకి వస్తాయి, అక్కడ రంపం కోత వెడల్పే సమస్య అవుతుంది. 3డీ బొమ్మ కోసం రెండు వైపులా గళ్ళు కావాలంటే వేల ఎలిమెంట్లకి (ఒక్కో గడి ఒక ఎలిమెంట్) వేల తీగలు అతికించాలి. గుండెలోకీ రక్తనాళంలోకీ వెళ్ళే క్యాథెటర్ మొనలో మిల్లీమీటర్ల చోటే ఉంటుంది. లక్షల సంఖ్యలో, చవగ్గా చేతి యంత్రాలు తయారవ్వాలన్నా చేత్తో అతికించే పద్ధతి సరిపోదు. ఈ నాలుగిటిలో ఒక్కటీ మీది కాకపోతే ఇక్కడే ఆగి, పైన చెప్పినట్టు చేయండి.

లోతు లెక్క ముందు

ఏ పొర అన్నది పక్కన పెట్టి ఒక లెక్క వేయాలి. కణజాలంలో శబ్దం సెంటీమీటరుకి, మెగాహెర్ట్జ్‌కి సుమారు 0.5 డెసిబెల్ చొప్పున తగ్గుతుంది. కాలేయం చూడటానికి 15 సెం.మీ. లోతు కావాలనుకుందాం. వెళ్ళి రావడం 30 సెం.మీ. 3 మెగాహెర్ట్జ్ దగ్గర 45 డెసిబెల్ నష్టం, 5 దగ్గర 75. అదే మెడలో థైరాయిడ్‌కి 4 సెం.మీ. చాలు. 10 మెగాహెర్ట్జ్ వాడినా నష్టం 40 డెసిబెలే. అంటే పొట్ట స్కానింగ్‌కి గట్టిగా ఊదగలిగే ట్రాన్స్‌డ్యూసర్ కావాలి, థైరాయిడ్‌కి గట్టిదనం కన్నా వెడల్పాటి బ్యాండ్‌విడ్త్ కావాలి. ఈ ఒక్క తేడా కింద చెప్పే రెండింటిలో ఏది మీదో చాలావరకు చెప్పేస్తుంది.

సీమట్: సున్నితం, కానీ వోల్టేజీ అడుగుతుంది

సీమట్ ఒక చిన్న డోలు లాంటిది. సిలికాన్ మీద గుంట, దానిలో శూన్యం, పైన పల్చటి పొర, పొరకీ నేలకీ ఎలక్ట్రోడ్‌లు. వోల్టేజీ మారితే పొర కిందికీ పైకీ ఆడి శబ్దం పుడుతుంది. బయటి నుంచి ప్రతిధ్వని వచ్చి పొరను కదిపితే కెపాసిటెన్స్ మారి సిగ్నల్ వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఖురీ-యాకుబ్ బృందం 1994లో గాలిలో పనిచేసే మొదటి రూపాలను ప్రకటించింది. 2009లో జపాన్‌లో హిటాచీ సంస్థ రొమ్ము పరీక్ష కోసం సీమట్ ప్రోబ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అందరికీ తెలిసేలా చేసింది మాత్రం బటర్‌ఫ్లై ఐక్యూ అనే చేతి యంత్రం. 2017లో అమెరికాలో అనుమతి, 2018లో అమ్మకాలు, అప్పటి ధర 2,000 డాలర్ల లోపు. ఒకే చిప్ మీద సుమారు 9,000 ఎలిమెంట్లు, వాటి కిందే ఎలక్ట్రానిక్స్. గుండెకీ పొట్టకీ కండరాలకీ మూడు వేర్వేరు ప్రోబ్‌లు మార్చే బదులు ఒక్కటే పెట్టి ఫ్రీక్వెన్సీ మార్చుకోవడం దానితో కుదిరింది.

అది కుదరడానికి కారణం సీమట్ బ్యాండ్‌విడ్త్. పొర చాలా తేలిక కాబట్టి నీళ్ళలో, జెల్‌లో ముంచితే ద్రవమే దాన్ని అణిచి ఉంచుతుంది, ఏ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరా అది మోగిపోదు. 100 శాతం దాటిన ఫ్రాక్షనల్ బ్యాండ్‌విడ్త్ (మధ్య ఫ్రీక్వెన్సీతో పోల్చిన వెడల్పు) సీమట్‌లో సాధారణమే. మ్యాచింగ్ పొరలు అక్కర్లేదు.

ఇక దానికి చెల్లించాల్సిన మూల్యం. సీమట్ బాగా వినాలంటే పొరను ఎప్పుడూ ఒక స్థిర వోల్టేజీతో కిందికి లాగి ఉంచాలి. పదుల నుంచి నూరు వోల్టులు దాటే దాకా ఆ బయాస్ కావాలి. మరీ లాగితే పొర నేలకు అతుక్కుపోతుంది. ఆ అంచును కొలాప్స్ వోల్టేజీ అంటారు. చాలామంది దానిలో 80, 90 శాతం దగ్గర నడుపుతారు, ఎందుకంటే అక్కడే సున్నితత్వం ఎక్కువ. కావాలనే కొలాప్స్ దాటించి, మధ్యభాగం నేలకు ఆనించి, చుట్టూ ఉన్న వలయాన్నే ఆడించే పద్ధతి కూడా ఉంది. శబ్దం గట్టిగా వస్తుంది, ఫిలిప్స్ వాళ్ళు దాని మీద చాలా పనిచేశారు.

100 వోల్టులు, 0.2 మైక్రాన్ల ఖాళీ. అంటే సెంటీమీటరుకి 50 లక్షల వోల్టుల క్షేత్రం. ఇన్సులేటర్ పొరల్లోకి ఛార్జ్ మెల్లగా ఇంకడం అందుకే. మా మొదటి బ్యాచ్‌లో ఇది చాలా ఆలస్యంగా అర్థమైంది. సాయంత్రం కొలిచినప్పుడు అన్నీ చక్కగా ఉన్నాయి. బయాస్ తీయకుండా వదిలేసి రెండో రోజు చూస్తే సున్నితత్వం పడిపోయింది, కొలాప్స్ వోల్టేజీ జరిగిపోయింది. కారణం సిలికాన్ నైట్రైడ్ ఇన్సులేటర్‌లో ఇరుక్కున్న ఛార్జ్. అప్పటి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఒక్క నిమిషం కొలిచి సీమట్ బాగుంది అనకండి. బయాస్ పెట్టి కనీసం కొన్ని రోజులు చూశాకే ఆ మాట అనండి. ఇన్సులేటర్‌ను గుంట నేలంతా పరవకుండా చిన్న స్తంభాలుగా మాత్రమే ఉంచితే ఛార్జ్ చేరే చోటు తగ్గుతుంది.

ఇంకో చిక్కు హార్మోనిక్ ఇమేజింగ్‌లో, అంటే పంపిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ తీసే పద్ధతిలో వస్తుంది. సీమట్‌లో బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మీరు పంపిన శబ్దంలోనే రెండో హార్మోనిక్ కలిసి ఉంటుంది. పల్స్‌ను తలకిందులు చేసి పంపి రెండూ కలిపితే పోతుందనుకుంటాం. వర్గం తలకిందులవ్వదు, అందుకే పోదు. డ్రైవ్ తరంగాన్ని ముందే వంచి ఆ దోషాన్ని సరిచేయాలి. ఆధునిక యంత్రాల్లో పొట్ట, గుండె స్కానింగ్ చాలావరకు హార్మోనిక్ మోడ్‌లోనే జరుగుతుంది. అందుకని ఈ విషయం చివర్లో చూసుకుందాంలే అని వదిలేయకండి.

పీమట్: ఏ ఫిల్మ్ అన్నదే అసలు ప్రశ్న

పీమట్‌లో కూడా గుంట మీద పొరే, కానీ దాన్ని వంచేది పైన పూసిన పియెజో ఫిల్మ్, అంటే వోల్టేజీ పెడితే సాగి ముడుచుకునే పూత. స్థిర బయాస్ అక్కర్లేదు. డ్రైవ్ పది, ఇరవై వోల్టులతో సరిపోతుంది. బ్యాటరీతో నడిచే యంత్రానికి ఇది పెద్ద వరం. 2023లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఎక్సో సంస్థ ఐరిస్ చేతి యంత్రం పీమట్‌తోనే నడుస్తుంది.

అయితే పీమట్ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు లోకాలున్నాయి. ఒకటి పీజెడ్‌టీ ఫిల్మ్, మందం ఒకటి రెండు మైక్రాన్లు. వంపు బలం అల్యూమినియం నైట్రైడ్ కన్నా పదిరెట్లు, ఆపైన. గట్టిగా ఊదుతుంది. కానీ దాన్ని పూయడానికి 600 డిగ్రీల పైన వేడి చేయాలి, మామూలు సీమాస్ సర్క్యూట్ (సాధారణ చిప్‌లలో ఉండే రకం) 400, 450 డిగ్రీలు దాటితే తట్టుకోదు. కాబట్టి పీజెడ్‌టీని సర్క్యూట్ మీద నేరుగా పూయలేరు. రెండు వేఫర్లు (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలకలు) విడివిడిగా చేసి అతికించాలి. లోపల సీసం ఉంటుంది కాబట్టి చాలా ఫ్యాబ్‌లు తమ పరికరాల్లోకి దాన్ని రానివ్వవు. ఇంకో జాగ్రత్త: ఒక మైక్రాన్ ఫిల్మ్‌కి వ్యతిరేక దిశలో నాలుగైదు వోల్టులు దాటితే పోలింగ్ (ఫిల్మ్‌లో ముందే ఏర్పరచిన విద్యుత్ దిశ) తిరగబడే ప్రమాదం ఉంది. అందుకే దాన్ని ఒకే దిశలో, సున్నా నుంచి పైకి మాత్రమే నడపాలి. మామూలు స్కానర్లు ప్లస్, మైనస్ రెండు వైపులా పల్స్ ఇస్తాయి. ఆ స్కానర్‌కు తగిలించిన రోజే కొన్ని ప్రోబ్‌లు పాడైపోతాయి.

రెండోది అల్యూమినియం నైట్రైడ్. 400 డిగ్రీల లోపే స్పటరింగ్‌తో పూయొచ్చు, సీసం లేదు, పోలింగ్ చెడే భయం లేదు. ఊదే బలం తక్కువ. అయితే దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 10 మాత్రమే, పీజెడ్‌టీ ఫిల్మ్‌కి వెయ్యి దాకా ఉంటుంది. ఆ కారణంగా ప్రతిధ్వని వచ్చినప్పుడు పుట్టే వోల్టేజీలో నైట్రైడ్ వెనకబడదు. స్కాండియం కలిపితే బలం పెరుగుతుంది. 43 శాతం దగ్గర పియెజో గుణకం సుమారు ఐదు రెట్లవుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. అంత స్కాండియంతో వేఫరంతా ఒకే నాణ్యతలో ఫిల్మ్ పూయడం కష్టం, అందుకే ఫౌండ్రీలు (ఇతరుల డిజైన్లకు చిప్‌లు చేసిపెట్టే సంస్థలు) ఇంకా తక్కువ శాతాలతోనే ఎక్కువగా పనిచేస్తాయి.

రెండు పీమట్‌లకూ ఉమ్మడి బలహీనత బ్యాండ్‌విడ్త్. పొర మందం, కాబట్టి సీమట్ అంత వెడల్పు రాదు. వేర్వేరు వ్యాసాల పొరలను ఒకే ఎలిమెంట్‌లో కలిపి కొంత విస్తరిస్తారు. ఫిల్మ్‌లో మిగిలిపోయిన స్ట్రెస్ వల్ల వేఫర్ మధ్యలో ఒక ఫ్రీక్వెన్సీ, అంచులో ఇంకో ఫ్రీక్వెన్సీ రావడం కూడా మామూలే. ఫౌండ్రీతో మాట్లాడేటప్పుడు సగటు స్ట్రెస్ ఎంతో అడగడంతో ఆగకండి, వేఫర్ అంతటా ఎంత మారుతుందో అడగండి.

ఇప్పుడు కేబుల్ దగ్గరికి

మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇక్కడ లెక్క వేద్దాం. 3డీ ప్రోబ్‌లో ఒక ఎలిమెంట్ 0.2 మి.మీ. చదరం అనుకోండి. 0.2 మైక్రాన్ల ఖాళీ ఉన్న సీమట్‌గా చేస్తే దాని కెపాసిటెన్స్ సుమారు 1.8 పికోఫారడ్‌లు. ఒక మైక్రాన్ నైట్రైడ్ పీమట్‌గా చేస్తే, ఎలక్ట్రోడ్ 40 శాతం పరుచుకుందనుకుంటే, సుమారు 1.4. అదే కొలతల్లో పీజెడ్‌టీ ఫిల్మ్ అయితే 140. రెండు మీటర్ల మైక్రో కోయాక్సియల్ తీగ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌ల స్థాయిలో ఉంటుంది.

సీమట్ నుంచి వచ్చిన వోల్టేజీ ఆ తీగ చివరికి చేరేసరికి నూటికి రెండు వంతులు కూడా మిగలదు. నైట్రైడ్ పరిస్థితీ అంతే. పీజెడ్‌టీ ఫిల్మ్‌ది మొదట పుట్టే వోల్టేజీయే చిన్నది, కానీ దానిలో సగానికి పైగా చివరిదాకా వస్తుంది. అంటే యాంప్లిఫయర్‌ను ప్రోబ్ తలలో, ఎలిమెంట్ కిందే పెట్టగలిగితే సీమట్, నైట్రైడ్ పీమట్ రెండూ మీకు తెరిచి ఉన్న దారులు. పెట్టలేకపోతే పీజెడ్‌టీ ఫిల్మ్ ఒక్కటే మిగులుతుంది. కణజాలంలో ఇప్పటికే 45 డెసిబెల్ పోగొట్టుకుని వచ్చిన సిగ్నల్‌ను తీగలో ఇంకో 35 డెసిబెల్ పోగొట్టుకునే స్తోమత ఏ ప్రోబ్‌కీ లేదు.

ఒక మినహాయింపు. 1డీ లీనియర్ ప్రోబ్‌లో ఎలిమెంట్ సన్నగా ఉన్నా పొడుగ్గా ఉంటుంది. 0.2 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. పొడుగు ఉన్న సీమట్‌కి 44 పికోఫారడ్‌లు వస్తాయి. కేబుల్ చివర మూడో వంతుకి దగ్గరగా మిగులుతుంది. ప్రోబ్ పిడిలో విడి యాంప్లిఫయర్లు పెడితే ఇంకా మెరుగు. చిప్ డిజైన్ బృందం లేని చిన్న ల్యాబ్‌లు సీమట్‌ను ప్రయత్నించాలంటే ఇదే దారి.

మరి ఎవరికి ఏది

థైరాయిడ్, రొమ్ము, కండరాలు, చర్మం లాంటి పై లోతుల కోసం 8 నుంచి 20 మెగాహెర్ట్జ్ మధ్య లీనియర్ ప్రోబ్ అయితే నేను సీమట్‌నే ఎంచుకుంటాను. ఆ వెడల్పాటి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే స్పష్టత బొమ్మలో నేరుగా కనిపిస్తుంది, లోతు తక్కువ కాబట్టి ఊదే బలంలో కొంత తగ్గినా ఫర్వాలేదు.

చేతిలో పట్టుకుని పొట్ట, గుండె చూసే యంత్రానికి జవాబు మీ సంస్థ స్థాయిని బట్టి మారుతుంది. సొంత చిప్ చేయించగల డబ్బు, నాలుగైదేళ్ళ ఓపిక ఉంటే సీమట్ లేదా పీజెడ్‌టీ పీమట్, సీమాస్ వేఫర్‌తో అతికించి. అవి లేకపోతే పీజెడ్‌టీ సిరామిక్‌తోనే చేయండి. ఫిలిప్స్ లుమిఫై లాంటి చేతి ప్రోబ్‌లు సిరామిక్ వంశానివే, వైద్యులు వాటితో రోజూ పని చేసుకుంటున్నారు.

క్యాథెటర్ విషయంలో నాకు బలమైన అభిప్రాయం ఉంది. గుండె లోపలికి వెళ్ళే దాని మొనకు నూరు వోల్టుల స్థిర బయాస్ తీసుకెళ్ళడం అంటే ఇన్సులేషన్, భద్రత పరీక్షలు అన్నీ బరువెక్కుతాయి. తీగ కూడా పొడుగు. పీజెడ్‌టీ ఫిల్మ్ పీమట్ ఇక్కడ సహజంగా అమరుతుంది. రక్తనాళాల్లో 40 మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళాలంటే మాత్రం సీమట్ వైపు మళ్ళీ చూడాలి, మొనలోనే చిన్న చిప్ ఉండేలా.

ఒంటికి అంటించుకునే ప్యాచ్‌లకు నైట్రైడ్ లేదా స్కాండియం కలిపిన నైట్రైడ్. బయాస్ లేదు, సీసం లేదు, లోతు తక్కువ.

3డీ కోసం ప్రతి ఎలిమెంట్‌కీ తీగ వేయలేకపోతే అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా కలిపే పద్ధతి ఉంది. 128 వరుసలు చొప్పున అయితే 16,384 తీగల బదులు 256తో సరిపోతుంది. దీనిలో సీమట్‌కి ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. బయాస్ తీసేస్తే ఆ వరుస దాదాపు నిద్రపోతుంది, బయాస్ గుర్తు మారిస్తే సిగ్నల్ గుర్తు మారుతుంది. ఆ గుర్తులతో సంకేతాలు అల్లి విడి ఎలిమెంట్ల సమాచారం తిరిగి రాబట్టొచ్చు. బయాస్ భారమనుకున్నది ఇక్కడ బలమవడం నాకు ఈ రంగంలో చాలా ఇష్టమైన విషయం.

ఎక్కడ చేయించాలి

మొదటి నమూనా కోసం సొంత ప్రాసెస్ రాసుకోవద్దు. నైట్రైడ్ పీమట్‌కి పియెజోమంప్స్ అనే ఉమ్మడి వేఫర్ సేవ ఉంది. 10 మైక్రాన్ల సిలికాన్ మీద అర మైక్రాన్ నైట్రైడ్, కొలతలన్నీ ముందే నిర్ణయించి ఉంటాయి. ఉత్తమ ప్రోబ్ రాదు, కానీ సిమ్యులేషన్‌కీ వాస్తవానికీ ఎంత దూరమో తెలుస్తుంది. బెంగళూరు ఐఐఎస్సీలోని నానో కేంద్రంలో పీమట్‌ల మీద ఏళ్ళుగా పని జరుగుతోంది, బయటి విద్యార్థులు కూడా అక్కడి ఫ్యాబ్ వాడుకునే ఏర్పాట్లున్నాయి. ప్రోబ్ తయారయ్యాక విద్యుత్ భద్రత లాంటి పరీక్షలకు విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్ మన వాళ్ళకు దగ్గర.

పరీక్షల్లో రెండు అంకెలు డిజైన్ మొదట్లోనే గోడ మీద రాసి పెట్టుకోవాలి. శరీరానికి తగిలే ముఖం వాడకంలో 43 డిగ్రీలు దాటకూడదు. మెకానికల్ ఇండెక్స్ (శబ్దపు ఒత్తిడి కణజాలానికి చేయగల హానికి కొలత), అమెరికా పరిమితి ప్రకారం, 1.9 దాటకూడదు. యాంప్లిఫయర్లు ప్రోబ్ తలలో పెట్టమని పైన చెప్పాను కదా, ఆ వేడంతా ఈ 43లోనే ఇమడాలి. ఎన్ని ఛానెళ్ళు ఒకేసారి వినాలి, సెకనుకి ఎన్ని ఫ్రేములు తీయాలి అన్నది చివరికి ఆ అంకే నిర్ణయిస్తుంది.

మన దేశంలో ఇంకో విషయం చట్టం. పిండ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రాన్ని రిజిస్టర్ కాని చోటికి అమ్మకూడదు, ఇవ్వకూడదు. జేబులో పట్టే యంత్రాలకు నిబంధనలు ఇంకా కఠినం. నమూనాను డాక్టరు మిత్రుడికి ఒక వారం ఇచ్చి చూద్దాం అనే మాట నోట రాకముందే జిల్లా అధికారుల దగ్గర రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి. ఆడపిల్లల ప్రాణాలతో ముడిపడిన చట్టం ఇది.

మొదటి వేఫర్ చేతికొచ్చాక ఏం చేయాలో కూడా చెబుతాను. లెన్స్ అతికించకండి, కేబుల్ కట్టకండి. ముందు ప్రోబ్ స్టేషన్ మీద గాలిలో ఇంపెడెన్స్ కొలిచి, వేఫర్ అంతటా రెజొనెన్స్ ఎంత చెదిరిందో పటం గీయండి. తర్వాత ఒక్క చిప్‌ను నూనెలో ముంచి హైడ్రోఫోన్‌తో (ద్రవంలో పనిచేసే మైక్రోఫోన్) ఒత్తిడి కొలవండి. సిలికోన్ లెన్స్ వేశాక అదే చిప్‌ను మళ్ళీ కొలవండి, ఎందుకంటే లెన్స్ పొర మీద కూర్చుని ఫ్రీక్వెన్సీని కిందికి లాగుతుంది, పొరల మధ్య పాకే అలలను కొంత అణుస్తుంది. ఆ రెండు కొలతల మధ్య తేడా మీ సిమ్యులేషన్‌లో ఉందో లేదో చూసుకున్నాకే రెండో మాస్క్ సెట్‌కి (వేఫర్ మీద డిజైన్ అచ్చువేసే మూసలు) డబ్బు కట్టండి.